మనుషులు లేని ఫోటోలు

కరీంనగర్‌లో నేను స్టూడియో నడిపిన రోజుల్లో ఫోటో అంటే మనిషే. పిల్లకు సంబంధం చూడటానికి ఒకటి, పెళ్లికి ఒకటి, వేములవాడలో కొడుకు పుట్టువెంట్రుకలు తీయించుకొని వస్తూ ఒకటి, ఉద్యోగం దరఖాస్తుకు మెడ దాకా ఒకటి. చెట్టునో వాగునో ఫోటో తీయమని ఎవరూ నా మెట్లెక్కలేదు. ఎక్కి ఉంటే నవ్వి పంపేవాణ్ణి. హైదరాబాదులో నాకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గర చెట్లు, మేడలు, సరస్సు అన్నీ ఉండేవి గానీ, అవన్నీ పరదా మీద రంగులతో వేసినవి. వాటి ముందు ఎవరైనా నిలబడితేనే వాటికి విలువ.

అలాంటి నా దగ్గరికి ఒక అధికారి వచ్చాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు దఫ్తర్లన్నిటిలోనూ కనబడుతున్నారు. మా ఊళ్లో కొత్తగా వేసిన పార్కును చూసుకునే బాధ్యత ఈయన మీద పడింది. మంచివాడు. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకునేవాడు, "అండీ" లేకుండా మాట్లాడేవాడు కాదు. స్టూడియో గోడల మీద పెళ్లి జంటలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చి, నా ముందు కూర్చున్నాడు.

"మీరు బయటి ఫోటోలు తీస్తారా అండీ?"

"తీస్త సార్. పెండ్లిండ్లకు పోత గద."

"పెళ్లిళ్లు కాదండీ. గోదావరి, అడవులు, కొండలు, వాగులు. మీ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉన్నంత అందం మా వైపు లేదు. ఇక్కడివాళ్లే సరిగ్గా చూడలేదు. ఒక డజను ఫోటోలు పెద్దవిగా చేయించి, అద్దాలు బిగించి, పార్కులో నడిచే దారి పొడుగునా నిలబెడదాం. జనం సాయంత్రం చల్లగాలికి నడుస్తూ చూస్తారు."

నేను తలూపాను. లేవబోతూ ఆయన ఇంకో మాట అన్నాడు.

"మనుషులు మాత్రం వద్దండీ. ఫోటోలో ఒక్క మనిషి కనబడినా చూసేవాడి కళ్లు వాడి మీదికే పోతాయి. కొండను ఎవడూ చూడడు."

ఆ మాట నిజమేనని ఇప్పటికీ అంటాను. అప్పుడు మాత్రం నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. మనుషులను ఫోటోలోకి తేవడమే కష్టం, వాళ్లను బయట ఉంచడం ఎంత పని అనుకున్నాను. తిరగడం మొదలుపెట్టాక గానీ తెలిసిరాలేదు.

నా కెమెరా కర్రది. నల్ల గుడ్డ, మూడు కాళ్లు, గాజు ప్లేట్ల పెట్టె, అన్నీ కలిపితే ఒక సంసారం. వాటిని బస్సు పైన కట్టించుకొని చలికాలమంతా తిరిగాను. ఎక్కడ దిగి మూడు కాళ్లూ విప్పినా, పావుగంటలో ఊరంతా అక్కడ ఉండేది. నేను వాగు వైపు కెమెరా తిప్పితే వాళ్లు వాగు ముందుకు వచ్చి నిలబడేవారు. గుట్ట వైపు తిప్పితే గుట్ట ముందు నిలబడేవారు. పెద్ద మనుషుల కోసం కుర్చీలు వచ్చేవి. చిన్న పిల్లలకు ముక్కులు తుడిచేవారు. "జరుగుండ్రి, మీది కాదు, గుట్టది తీస్తున్న" అంటే నమ్మేవారు కాదు. గుట్టకు ఫోటో ఎందుకు?

చివరికి నేనొక ఉపాయం కనిపెట్టాను. కెమెరాలో ప్లేటు పెట్టకుండానే గుడ్డలో తల దూర్చి, "కదలకుండ్రి" అని అరిచి, మూత తీసి, మూత పెట్టి, "అయింది, ఇగ పోండ్రి" అనేవాణ్ణి. వాళ్లు సంతోషంగా పోయేవారు. ఆ తర్వాత నిమ్మళంగా నా గుట్టను తీసుకునేవాణ్ణి. మంథనిలో గోదావరి మెట్ల దగ్గర ఇలా రెండుసార్లు చేశాను, ఆదిలాబాద్ అడవుల్లో ఒక గూడెం దగ్గర ఒకసారి. ఉత్తుత్తి ఫోటో ఎప్పుడొస్తుందని అడగడానికి అంత దూరం నుంచి ఎవరు వస్తారు? అందులో తప్పుందని కూడా అప్పుడు నాకు అనిపించలేదు.

వేములవాడలో ఆ ఉపాయం పారలేదు. గుండం అనే గుడి కోనేరు చుట్టూ రోజంతా జాతరే. అక్కడ ఉస్తాద్ నేర్పిన ఇంకో విద్య పనికొచ్చింది. కటకం కన్ను బాగా చిన్నది చేసి, మూత తీసి నాలుగైదు నిమిషాలు అలాగే వదిలేశాను. నడుస్తున్న మనుషులు ప్లేటు మీద పడరు. కదలకుండా ఉన్నదే పడుతుంది. వందల మంది నా ముందు నుంచి పోయారు. కడిగి చూస్తే మెట్లు, నీళ్లు, గోపురం ఉన్నాయి, మనిషి ఒక్కడూ లేడు. అక్కడక్కడ కాస్త పొగ కమ్మినట్టు ఉందంతే. ఆ ప్లేటు చూసుకొని నేను కొంత గర్వపడ్డాను.

గోదావరి ఫోటో అన్నిటికంటే చివర తీశాను. కరీంనగర్ జిల్లా ఒడ్డున నిలబడితే అవతల లక్సెట్టిపేట వైపు ఆదిలాబాద్ అడవి కనబడుతుంది. చలికాలం పోతూ ఉంది. నది సన్నబడి నడిమిన పాయలా పారుతోంది. రెండు వైపులా తెల్లటి ఇసుక. అవతలి ఇసుకలో గుంతలు తీసి పుచ్చ, దోస పాదులు పెట్టారు. వరసగా పచ్చటి చుక్కలు, వాటి వెనక నల్లటి చెట్లు, ఆపైన గుట్ట. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఈ పని మొదలైనప్పటి నుంచి నాకు నిజంగా నచ్చిన చోటు అదొక్కటే.

ఇవతల రేవు దగ్గర జనం చేరారు. వాళ్లకు ఉత్తుత్తి ఫోటో తీసి వెనక్కు పంపాను. ఈ గోదావరి ఫోటోను కరీంనగర్ పార్కులో పెడతారని, వచ్చి చూసుకోమని కూడా చెప్పాను. ఇక మిగిలింది అవతల ఒక్క మనిషి. కుండతో పాదులకు నీళ్లు పోస్తున్నాడు. నడుస్తూ ఉంటే ఏ బాధా లేదు గానీ, గాలికి చెట్లు ఊగుతుంటే మూత ఎక్కువసేపు తీసి ఉంచే వీలు లేదు. కేకేశాను. గాలికి అందలేదు. గుడ్డలోంచి బయటికి వచ్చి, పక్కకు పొమ్మని చేయి ఊపాను.

అతను చూశాడు. కుండ కింద పెట్టాడు. తలరుమాలు విప్పి, దులిపి, మళ్లీ చక్కగా చుట్టుకున్నాడు. పార తీసుకొని, మూడో పాదు పక్కన నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ చేయి ఊపాను. ఇంకా బిగుసుకొని నిలబడ్డాడు. ఎండ పోతోంది. పెట్టెలో మంచి ప్లేటు ఒక్కటే మిగిలింది. పోనీలే, ఇంత చిన్న మనిషి, ఇంటికి పోయాక చూసుకోవచ్చు అనుకొని మూత తీశాను. నేను మూత పెట్టేదాకా అతను రెప్ప కూడా వేసి ఉండడు. ప్లేటు మీద అంత స్పష్టంగా పడ్డాడు.

ఇంటికి వచ్చి ప్లేటు కడిగాక అతన్ని తీసేశాను. మా పనిలో దీన్ని రీటచింగ్ అంటారు. మొటిమలు, మచ్చలు, మెల్లకన్ను, అన్నీ దీంతోనే మాయం చేసేవాళ్లం. ప్లేటు మీద అంతా తిరగబడి ఉంటుంది, తెల్లది నల్లగా, నల్లది తేటగా. ఎండకు మాడిన అతని ఒళ్లు ప్లేటు మీద తేట మచ్చలా ఉంది. మందు పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దాని మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాను. గంటసేపట్లో కాళ్లు, నడుము, భుజాలు, చేతిలో పార, నేల మీద నీడ, అన్నీ ఇసుకలో కలిసిపోయాయి. తలరుమాలు సంగతి వేరు. అది తెల్లది, దాని వెనక అడవి నల్లది. ప్లేటు మీద అది గట్టి నల్లచుక్క. పెన్సిల్ చుక్కలు పెట్టగలదు గానీ ఉన్న నలుపును తీయలేదు. అందుకని కత్తి మొనతో గీకాను. ఒక నిమిషం పట్టింది. కాగితం మీద అచ్చు తీసి చూసుకుంటే చెట్లు చెట్లలాగే ఉన్నాయి. నా చేతిపని మీద నాకు ఎప్పుడూ నమ్మకమే. ఆ రోజు ఇంకా పెరిగింది.

పార్కులో పన్నెండు ఫోటోలూ నిలబెట్టారు. కర్ర చట్రాలు, ముందు అద్దం, పైన వాన పడకుండా రేకు. అధికారి స్వయంగా అడుగుల కొలబద్ద పట్టుకొని చట్రానికీ చట్రానికీ మధ్య దూరం కొలిపించాడు. మొదటి రోజు పెద్దలు వచ్చి, చేతులు వెనక్కు కట్టుకొని చూసి, బాగున్నాయని పోయారు. మర్నాటి నుంచి ఊరు రావడం మొదలుపెట్టింది.

వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు. "గీ ఫోటోల ఎవలున్నరు?"

పార్కు మాలీ ముసలివాడు, కోపిష్టి. "ఎవలు లేరు" అని చెప్పీ చెప్పీ అతని ప్రాణం విసిగింది. ఎవరూ లేకపోతే అద్దమెందుకు బిగించారని వాళ్లు తిరిగి అడిగేవారు. కొందరు ముక్కు అద్దానికి ఆనించి మూలమూలలా వెతికేవారు. మంథని మెట్ల ఫోటోలో ఒక గోడ కనబడితే, అది తన మేనమామ ఇంటి గోడ అని ఒకాయన తేల్చి, వారం రోజులు దోస్తులను తీసుకొచ్చి చూపించాడు. గూడెం ఫోటో ముందు ఆడవాళ్లు ఆగి నోళ్లు నొక్కుకునేవారు. ఇండ్లు ఉన్నాయి, పొయ్యి మీద కుండ ఉంది, మనిషి జాడ లేదు.

"గత్తర వచ్చి ఊరు ఖాళీ అయ్యిందా ఏంది?" అని ఒకామె అడగడం నేనే విన్నాను. కలరాను మా వైపు గత్తర అంటారు. ఆ మాట ఇంకొకరికి, వాళ్ల నుంచి మరొకరికి పాకి, కొన్నాళ్లు ఆ ఫోటో ముందు నుంచి పిల్లలను ఎత్తుకొని గబగబా నడిచేవారు.

మాలీ ఒకరోజు స్టూడియోకే వచ్చాడు. "సారూ, ఒక్కటంటే ఒక్క ఫోటోల ఒక్క మనిషిని పెట్టుండ్రి. ఎవడన్న అడుగుతె వాని దిక్కు వేలు చూపిత్త. నా తిప్పలు నాకు తప్పుతయి" అన్నాడు. నేను నవ్వి టీ తాగించి పంపాను. అధికారి మాత్రం నొచ్చుకోలేదు. అలవాటవుతుందండీ, కళ్లకు కూడా చదువు కావాలి అన్నాడు. కొంత అలవాటైన మాట నిజమే. సాయంత్రాలు ఒకరిద్దరు గోదావరి ముందు ఊరికే నిలబడి ఉండటం నేను చూశాను. నేనూ అటు పోయినప్పుడు వాళ్ల వెనక కాసేపు నిలబడేవాణ్ణి. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, సంతోషంగానే ఉండేది.

ఏడాది తిరగక ముందే అధికారి బదిలీ అయి వెళ్లిపోయాడు. ఫోటోలు మాత్రం ఉన్నాయి. రేకులు పెట్టినా వానజల్లు లోపలికి కొట్టి రెండు మూడు ఉబ్బిపోయాయి. గోదావరి బాగానే ఉంది. అటువంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాలీ ఇద్దరిని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఒకామెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నుదురు ఖాళీగా ఉంది. ఆమె వెనక ఆమె మరిది, భుజాన కండువాతో, చెప్పులు మెట్ల మీదే వదిలి నిలబడ్డాడు.

"పొద్దటిసంది గా గోదారి ఫోటో కాన్నే నిలవడ్డది సారూ. అన్నం తినలే, నీళ్లు తాగలే. మీతోనే చెప్పుకోమని తీసుకొచ్చిన" అని మాలీ వాళ్లను అప్పగించి పోయాడు.

"గోదారి ఫోటో తీసింది మీరేనా సారూ?" అంది ఆమె.

"నేనేనమ్మా. ఏంది, చెప్పు."

"అండ్ల మా ఆయిన ఉండాలె. ఏడ ఉన్నడో జర చూపియ్యుండ్రి. నాకు కండ్లు ఆనుతలేవో ఏందో, కానొస్తలేడు."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు ముఖం పెట్టాను. ఎవరమ్మా, ఏ ఊరమ్మా అని అడిగాను. లక్సెట్టిపేట దగ్గరి ఊరు. గోదావరి ఇసుకలో పాదులు పెట్టుకొని బతుకుతారు. పోయిన వానాకాలం జ్వరం వచ్చి, అయిదు రోజుల్లో భర్త పోయాడు. వచ్చే నెల ఏడాది. వాళ్ల ఊరి పటేల్ పోయినప్పుడు ఏడాదినాడు ఆయన ఫోటో పీట మీద పెట్టి, దండ వేసి, బొట్టు పెట్టి చేశారట. మనకు ఫోటో ఎక్కడిది అని ఇంట్లో అందరూ అంటే, ఉన్నదని ఈమె పట్టుబట్టి మరిదిని తీసుకొని బస్సెక్కింది.

"ఆయిననే చెప్పిండు సారూ" అంది. "గా నాడు ఇంటికి రాంగనే చెప్పిండు. అవతలి ఒడ్డు నుంచి ఫోటో సారు చెయ్యి ఊపి తయారుగుండుమన్నడట. కుండ కింద పెట్టి, రుమాలు మంచిగ చుట్టుకొని నిలవడ్డడట. మల్లొకసారి గూడ ఊపిండ్రట గద మీరు? కదలకుంట నిలవడ్డ, మంచిగ వచ్చి ఉంటది అన్నడు. ఇది కరీంనగర్ల పెడ్తరని రేవు కాడ పడవాయన చెప్పిండు. అప్పటిసంది ఒకటే పాట, పోయి చూసొద్దాం పోయి చూసొద్దామని. పాదులిడిసి వచ్చుడు కాలే."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. మరిది నెమ్మదిగా కలగజేసుకున్నాడు. "మా ఊరాయన ఒకడు ముందుగాల వచ్చి చూసి పోయిండు సారూ. అండ్ల ఎవలు లేరన్నడు. అందరు నవ్విండ్రు. మా అన్న ఉత్తదే చెప్పుకున్నడని."

"దూరం గదమ్మా" అన్నాను. "గంత దూరంల మనిషి పడడు."

ఆమె కాసేపు నన్ను చూసింది. అనుమానంతో కాదు. నాకు తెలియనిదేదో నాకు సాయంగా చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది. "పాదులు పడ్డయి సారూ. నేను లెక్కవెట్టిన. ఆడ నాటుకున్న గుంజ పడ్డది. ఆయిన కింద పెట్టిన కుండ గూడ పడ్డది. మూడో పాదు కాడ నిలవడ్డ అన్నడు. ఆడ ఉత్త ఇసుక ఉన్నది. కుండ పడ్డంక మనిషెట్ల పడడు?"

కుండను నేను మరిచిపోయాను. ఇసుకలో అందంగా ఉందని ఉంచానో, కంటికి ఆనక వదిలేశానో ఇప్పుడు చెప్పలేను. సిగ్గుపడ్డాను అని సూటిగా చెప్పడమే మంచిది. అయినా ఆ పూట నోరు తెరిచి నిజం చెప్పలేదు. "అసలు ప్లేటు నా దగ్గర ఉన్నది. దాంట్ల చూస్త. రేపు పొద్దుగాల రాండ్రి" అన్నాను. కరీంనగర్‌లో చుట్టాలింట్లో ఉంటామని చెప్పి, ఆమె రెండు చేతులూ జోడించి వెళ్లింది.

పెన్సిల్ పనిలో ఒక మంచి ఉంది. కింద పూసిన మందును టర్పెంటైన్‌తో తుడిస్తే, గీసిందంతా దానితో పాటే పోతుంది. వాళ్లు మెట్లు దిగగానే ప్లేటు వెతికి తీశాను. దూది ముంచి మెల్లగా తుడిచాను. ముందు నీడ వచ్చింది. తర్వాత కాళ్లు, గోచీ, నడుము, పార కర్ర మీద వేసిన చేయి, రెండు భుజాలు. ఉన్నట్టుండి నా చేతులు తేలికయ్యాయి. చెడిందంతా బాగు చేసుకున్నాననే అనుకున్నాను. భూతద్దం పెట్టి భుజాల పైకి చూశాను. అక్కడ ఏమీ లేదు. కత్తి గీకింది గీకినట్టే ఉంది. అది టర్పెంటైన్‌కు వచ్చేది కాదు, దేనికీ వచ్చేది కాదు. ఆ మనిషే ప్లేటు మీద వడ్లగింజలో సగం. తల ఆవగింజలో సగం. నా కత్తి రుమాలు దగ్గర ఆగలేదు, కింద ముఖాన్ని కూడా తీసుకుపోయింది.

ఆ సాయంత్రం అతని ఒక్కడి వరకే పెద్దది చేశాను. కెమెరాను గోడ వైపు తిప్పి, కాగితం గోడకు గుచ్చి, వెనక నుంచి ప్లేటు గుండా వెలుగు పంపి తీశాను. అంత పెద్దది చేస్తే బొమ్మ గరుకుగా, ఇసుక చల్లినట్టు వచ్చింది. అయినా మనిషి తెలుస్తున్నాడు. ఎండలో ఇసుక మీద నిలబడి ఉన్నాడు, భుజాల దాకా. ఆపైన చెట్ల నలుపు. తెల్లటి రుమాలు దిద్దుదామని కుంచె తీసుకున్నాను. ఒక కాగితం మీద దిద్దాను కూడా. నీటుగానే కుదిరింది గానీ, ఎవడో పెళ్లికొడుకు తల తెచ్చి పెట్టినట్టు ఉంది. దాన్ని చించేశాను. రెండో కాగితాన్ని ఉన్నదున్నట్టుగా అద్దం బిగించి, ఫ్రేము కట్టి పెట్టాను. ఏం చెప్పాలో మాత్రం తేల్చుకోలేకపోయాను.

పొద్దున్నే వచ్చారు. ఫ్రేము ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె చూపు కింది నుంచే మొదలైంది. పాదు, కుండ, కాళ్లు.

"ఆయినే" అంది. "ఎడమ కాలు చూడు. బండి చక్రం ఎక్కింది గా కాలు మీద. అప్పటిసంది గట్లనే జర ఎత్తి నిలవడ్తడు." మరిదికి చూపించింది. "చూసినవా? నిలవడ్డడా లేదా మీ అన్న?" కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నోరు నవ్వుతోంది. "ఉత్తదే చెప్పలే."

మరిది తొంగి చూశాడు. "తలకాయ ఏది సారూ?" అన్నాడు.

చెప్పేశాను. ఫోటోలో మనుషులు ఉండొద్దన్నారని, పెన్సిల్‌తో తీసేశానని, రుమాలును కత్తితో గీకానని, ఒళ్లు మళ్లీ వచ్చింది గానీ గీకింది రాదని. చెయ్యి ఎందుకు ఊపానో మాత్రం చెప్పలేదు. అది నేటికీ ఎవరికీ చెప్పలేదు. మరిది మొహం ఎర్రబడింది. "నిలవడ్డ మనిషిని గీకి పారేసుడేంది సారూ? ఆయన మిమ్ములను ఏమన్నడు?" అన్నాడు. నేను తల వంచుకొని విన్నాను. ఆమె అతని చేయి పట్టుకొని ఆపింది.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "కావాలంటె రుమాలు, మొఖం రంగుతోని దిద్ది ఇస్త. దిద్దినట్టు ఎవలకు తెల్వది."

"మీరు ఆయిన మొఖం చూసిండ్రా?"

కెమెరా వెనక గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నేను చూసింది అదొక్కటే. "లేదమ్మా" అన్నాను.

"మరి ఎవలి మొఖం పెడ్తరు?"

ఆమె ఫ్రేమును గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకుపోయి, చాలాసేపు చూసింది. కోపం వస్తుందేమో, తిడుతుందేమో, ఫ్రేము నా బల్ల మీద పెట్టి పోతుందేమో అని ఎదురుచూశాను. తిడితే బాగుండుననే అనిపించింది. ఆమె వెనక్కు వచ్చి, ఇంటి పనేదో అడిగి తెలుసుకుంటున్నట్టు మామూలుగా అడిగింది.

"ఏడాదినాడు బొట్టు ఏడ పెట్టాలె సారూ?"

ఫ్రేము నా ముందుకు చాపి పట్టుకొని ఉంది. ఆ చోటు ఈ లోకంలో నా ఒక్కడికే తెలుసు. రెండు భుజాల పైన, చెట్ల నలుపులో, అద్దం మీద వేలు పెట్టాను.

"గిక్కడమ్మా" అన్నాను.

నేను వేలు తీసేదాకా ఆగి, ఆమె అక్కడ తన వేలు పెట్టి చూసుకుంది.